డెర్బీ ఎకసెక్కాల్లో రూ.12.90 కోట్లు: బాకీ ఎవరిది, నష్టం ఎవరికి?

శ్రీవిజయపురం: అండమాన్ నికోబార్ దీవుల్లో ఎక్కువ మంది మాతృభాష బెంగాలీ. 2011 జనగణన ప్రకారం నివాసుల్లో 28.49 శాతం మంది ఆ భాష మాట్లాడేవారు. హిందీ, తమిళం తర్వాత 13.24 శాతంతో తెలుగు నాలుగో స్థానంలో ఉంది. రాజధానిలోని జంగ్లీఘాట్ వంటి పేటల్లో ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు తరాలుగా నివసిస్తున్నాయి. బెంగాలీ కుటుంబాల్లో చాలా వాటి మూలాలు మాత్రం నేటి బంగ్లాదేశ్‌లో ఉన్నాయి. దేశ విభజన అనంతరం 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులను ప్రభుత్వం ఓడల్లో తీసుకువచ్చి, అడవి నరికించి, భూములిచ్చి ఇక్కడ స్థిరపరిచింది. మధ్య అండమాన్‌లోని రంగత్, ఉత్తరాన దిగ్లీపూర్, ఇప్పుడు పర్యాటకులతో కిక్కిరిసే హేవ్‌లాక్ (స్వరాజ్ ద్వీప్) ప్రాంతాల్లో అలా వెలసిన ఊళ్లెన్నో ఉన్నాయి.

ఈ చరిత్ర వల్లనే కోల్‌కతాలో జరిగే ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌కు సముద్రానికి ఇవతల కూడా అర్థం ఉంటుంది. అది మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల మధ్య జరిగే డెర్బీ. నూరేళ్లుగా గోల్స్ చుట్టూ తిరిగిన ఈ అభిమానుల వాగ్యుద్ధం 2024లో ఒప్పంద పత్రాల మీదకు మళ్లింది. అన్వర్ అలీ అనే ఒక్క డిఫెండర్ విషయంలో రూ.12.90 కోట్ల పరిహారం, నాలుగు నెలల నిషేధం, హైకోర్టు పిటిషన్ వరకు వ్యవహారం వెళ్లింది. ‘మా ఆటగాణ్ని ఎత్తుకుపోయారు’ అని ఒకరు, ‘మీ దగ్గర ఉండలేకే వచ్చాడు’ అని మరొకరు దెప్పిపొడుచుకున్న ఆ వివాదంలో అసలు లెక్క ఏమిటి?

పులస గెలిస్తే, రొయ్య గెలిస్తే

మోహన్ బగాన్ 1889 ఆగస్టు 15న పుట్టింది. 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ జట్టును 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలుచుకోవడంతో జాతీయోద్యమ కాలపు ప్రతిష్ఠ దానికి దక్కింది. ఈస్ట్ బెంగాల్ 1920 ఆగస్టు 1న ఏర్పడింది. మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కు శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ని జోడాబగాన్ క్లబ్ పక్కనపెట్టడం, దానికి నిరసనగా ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి బయటకు రావడం ఆ క్లబ్ పుట్టుకకు కారణం. అంటే ఈ వైరానికి మూలం కూడా ఒక ఆటగాడి మీద తగవే.

పశ్చిమ బెంగాల్ మూలవాసులను ‘ఘోటీ’లని, తూర్పు నుంచి వచ్చినవారిని ‘బంగాల్’లని అంటారు. మొదటివారు మోహన్ బగాన్ పక్షం, రెండోవారు ఈస్ట్ బెంగాల్ పక్షం అన్నది వాడుక. ఈస్ట్ బెంగాల్ గెలిచిన సాయంత్రం కోల్‌కతా బజారులో ఇలిశ్ చేప ధర పెరుగుతుందని, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యకు గిరాకీ వస్తుందని చెబుతారు. సముద్రం నుంచి గోదావరికి ఎదురీది వస్తే మనవాళ్లు పుస్తెలమ్మైనా తినాలనే పులస ఈ ఇలిశే. రొయ్యల సాగులోనేమో ఆంధ్రప్రదేశ్‌దే దేశంలో అగ్రస్థానం. డెర్బీలో ఎవరు గెలిచినా తెలుగువారికి పరాయి విందేమీ కాదు.

తెలుగు నేలకు ఈ డెర్బీతో మరో బంధమూ ఉంది. హైదరాబాద్‌కు చెందిన మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కూ, మోహన్ బగాన్‌కూ, మహమ్మదన్ స్పోర్టింగ్‌కూ ఆడారు. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచినప్పుడు ఆయన బగాన్ జెర్సీలో ఉన్నారు. అభిమానులకు పక్షం మారడం ద్రోహంలా కనిపిస్తుంది గానీ ఆటగాడికి అది ఆనాడూ బతుకుదెరువే. ఉద్యోగం వద్దని ఆటనే వృత్తిగా చేసుకున్న హబీబ్ 2023 ఆగస్టు 15న కన్నుమూశారు. రెండు శిబిరాల అభిమానులూ ఆయనను తమవాడిగానే స్మరించుకున్నారు.

ఎకసెక్కాలు హద్దు దాటిన సందర్భాలూ లేకపోలేదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో డెర్బీ జరుగుతుండగా గ్యాలరీల్లో చెలరేగిన గొడవ, తొక్కిసలాటల్లో 16 మంది అభిమానులు ప్రాణాలు కోల్పోయారు. దీనికి పూర్తిగా భిన్నమైన దృశ్యం 2024 ఆగస్టు 18న కనిపించింది. ఆర్‌జీ కర్ ఆసుపత్రి వైద్యురాలి హత్యాచారంపై ఆందోళనల నడుమ ఆనాటి డ్యూరాండ్ కప్ డెర్బీ రద్దుకాగా, రెండు జట్ల అభిమానులూ జెండాలు కలిపి స్టేడియం బయట న్యాయం కోరుతూ నిరసన తెలిపారు.

ముళ్లతీగ అన్న మాట

బగాన్ అభిమానులు ఎదుటివారిని వెక్కిరించే మాటల్లో ‘కాంటాతార్’ ఒకటి. ముళ్లతీగ అని అర్థం. సరిహద్దు కంచె దాటి వచ్చినవారని దాని భావం. 2020 జనవరి డెర్బీలో, పౌరసత్వ చట్ట సవరణపై దేశమంతటా చర్చ సాగుతున్న వేళ, ఈస్ట్ బెంగాల్ అభిమానులు దానికి ఒక భారీ బ్యానర్‌తో బదులిచ్చారు. ఈ మట్టిని రక్తంతో కొనుక్కున్నాం, కాగితంతో కాదన్నది దాని సారాంశం. శరణార్థి పత్రాలతో ఓడ దిగి అడవిని పొలంగా మార్చుకున్నవారి మనుమలకు, అండమాన్‌లోనైనా కోల్‌కతాలోనైనా, ఆ జవాబు వట్టి ఆట కబురుగా తోచదు.

అయితే ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఎవరి సొత్తన్నది తేల్చేది మాత్రం కాగితమే. అన్వర్ అలీ వివాదం అంతా ఆ కాగితం చుట్టూనే తిరిగింది.

ఒక ఆటగాడు, మూడు క్లబ్బులు

పంజాబ్‌కు చెందిన అన్వర్ 2017 అండర్-17 ప్రపంచకప్‌లో భారత్‌కు ఆడాడు. గుండె కండరానికి సంబంధించిన వ్యాధి ఉన్నట్టు 2019లో తేలడంతో అతని ఆట దాదాపు ముగిసిందనుకున్నారు. న్యాయపోరాటం చేసి మైదానానికి తిరిగివచ్చాక ఢిల్లీ ఎఫ్‌సీలో చేరాడు. ఆ క్లబ్ 2023లో అతణ్ని నాలుగేళ్లకు మోహన్ బగాన్‌కు ‘లోన్’ ఇచ్చింది. లోన్ అంటే ఆటగాడి మాతృ ఒప్పందం పాత క్లబ్‌తోనే ఉంటూ, నిర్ణీత కాలం మరో క్లబ్‌కు ఆడటం. పొలం సొంతదారు ఒకరు, కౌలుదారు మరొకరు అన్నట్టు.

ఏడాది తిరిగేసరికి, 2024 జులైలో, అన్వర్ ఆ లోన్‌ను రద్దు చేసుకుంటున్నట్టు ప్రకటించి ఢిల్లీ ఎఫ్‌సీకి తిరిగివెళ్లాడు. ఢిల్లీ ఎఫ్‌సీ అతణ్ని ఈస్ట్ బెంగాల్‌కు బదిలీ చేసింది. మధ్యలోనే కౌలు తెగ్గొట్టి పొలాన్ని పొరుగువాడికి అమ్మారన్నది బగాన్ ఫిర్యాదు. అంత సుదీర్ఘమైన కౌలుకు అసలు చెల్లుబాటే లేదన్నది అవతలి పక్షం వాదన.

రెండో వాదనకు ఆధారం లేకపోలేదు. 2022 జులై 1 నుంచి అంతర్జాతీయ లోన్‌లకు ఫిఫా గరిష్ఠంగా ఒక ఏడాది గడువు విధించింది. దేశీయ లోన్‌లకూ అలాంటి నిబంధన తెచ్చుకోవడానికి జాతీయ సమాఖ్యలకు మూడేళ్ల వ్యవధి ఇచ్చింది. బగాన్ ఒప్పందం సరిగ్గా ఆ వ్యవధిలో కుదిరింది. పాత నిబంధన పోలేదు, కొత్తది రాలేదు. న్యాయవాదులకు ఇంతకంటే అనువైన సందు ఉండదు.

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు చెందిన ఆటగాళ్ల హోదా కమిటీ 2024 సెప్టెంబరు 10న తీర్పు ప్రకటించింది. సహేతుక కారణం లేకుండా ఒప్పందం రద్దుచేశారని నిర్ధారించి, అన్వర్, ఢిల్లీ ఎఫ్‌సీ, ఈస్ట్ బెంగాల్ ముగ్గురూ కలిసి మోహన్ బగాన్‌కు రూ.12.90 కోట్లు చెల్లించాలంది. అన్వర్‌పై నాలుగు నెలల నిషేధం, రెండు క్లబ్బులు రెండు ట్రాన్స్‌ఫర్ విండోల పాటు కొత్తవారిని చేర్చుకోకుండా ఆంక్ష విధించింది. ఈ శిక్షలు కమిటీ సొంతంగా కల్పించినవి కావు. కుదిరిన తొలి ఏళ్లలో ఒప్పందాన్ని అకారణంగా తెంచుకుంటే ఆటగాడికి నాలుగు నెలల నిషేధం, అందుకు ప్రేరేపించిన క్లబ్‌కు రెండు విండోల ఆంక్ష అన్నది ఫిఫా బదిలీ నియమావళిలో 17వ అధికరణం చెప్పిన కొలత.

అయితే ఆ ఆదేశానికి వివరమైన కారణాలు జతచేయలేదు. శిక్ష పడినవారు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించగా, ఆదేశాన్ని ఉపసంహరించుకుని అందరి వాదనలూ మళ్లీ వింటామని సమాఖ్య తెలిపింది. ఇది జరిగిన సెప్టెంబరు 13నే పోర్ట్‌బ్లెయిర్ పేరును శ్రీవిజయపురంగా మారుస్తున్నట్టు కేంద్రం ప్రకటించడం యాదృచ్ఛికం. అన్వర్ ఆ సీజన్‌లోనే ఎరుపు-పసుపు జెర్సీతో మైదానంలోకి దిగాడు. మూడు రోజుల పాటు సంబరపడిన వారు మూగబోయారు, మూగబోయినవారు సంబరపడ్డారు.

ఈ చిక్కు భారత్‌కే పరిమితం కాదు. లోకోమోటివ్ మాస్కో వీడిన ఫ్రాన్స్ ఆటగాడు లసానా దియారాపై ఫిఫా 1.05 కోట్ల యూరోల పరిహారం విధించింది. చేర్చుకుంటే ఆ భారం తమ మీదా పడుతుందన్న భయంతో బెల్జియం క్లబ్ వెనకాడింది. కొత్త క్లబ్‌ను కూడా బాధ్యుల్ని చేసే ఈ తరహా నిబంధనలు ఐరోపా చట్టానికి విరుద్ధమని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2024 అక్టోబరు 4న తేల్చింది. దాంతో ఫిఫా తన నియమాలను సవరించుకోవలసి వచ్చింది.

వెక్కిరించిన నోళ్లకే చేదు

డబ్బు విషయంలో రెండు శిబిరాలకూ ఇంట్లోనే తగవులున్నాయి. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ విభాగంలో 80 శాతం వాటా ఆర్‌పీఎస్‌జీ గ్రూపు చేతికి వెళ్లింది. జట్టు పేరుకు ముందు ‘ఏటీకే’ చేరింది. దాన్ని తొలగించాలని సొంత అభిమానులే మూడేళ్లు పోరాడారు. 2023లో మోహన్ బగాన్ సూపర్ జెయింట్‌గా పేరు మారింది. ‘మీ క్లబ్ అమ్ముడుపోయింది’ అని అప్పట్లో ఎగతాళి చేసిన ఈస్ట్ బెంగాల్ అభిమానులకు 2021లో అదే పరిస్థితి ఎదురైంది. పెట్టుబడిదారు శ్రీ సిమెంట్‌తో తుది ఒప్పందంపై సంతకం చేయడానికి క్లబ్ పెద్దలు నిరాకరించడంతో, జట్టు లీగ్‌లో ఉంటుందో లేదోనన్న ఆందోళనతో అభిమానులు రోడ్డెక్కారు. ఆ జులైలో క్లబ్ ఎదుట పోలీసులు లాఠీచార్జి చేశారు. అదే ఏడాది కోస్టారికా ఆటగాడు జానీ అకోస్టాకు బకాయి తీర్చలేదని ఫిఫా ఆ క్లబ్ బదిలీలపై ఆంక్ష విధించింది. చివరకు 2022లో ఇమామీ గ్రూపు రాకతో కాస్త ఊపిరి పీల్చుకున్నారు.

హైదరాబాద్ నేర్చిన పాఠం ఖరీదు

ప్రత్యర్థులు రూ.12.90 కోట్ల కోసం కొట్లాడుకోవడమూ ఒక విధంగా బలిమి లక్షణమే. బకాయి తీర్చే సత్తా ఇద్దరికీ ఉంది. అది లేనప్పుడు ఏమవుతుందో తెలుగువారికి దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ స్థానంలో వచ్చిన ఈ జట్టు 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. రెండేళ్లలోపే జీతాల బకాయిలు పేరుకున్నాయి. బదిలీలపై ఆంక్షలు వచ్చాయి. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలిన యువకులతో 2023-24 సీజన్‌ను నెట్టుకొచ్చి, 12 జట్లలో చివరి స్థానంలో నిలిచింది. బీసీ జిందాల్ గ్రూపు చేతికి వెళ్లాక, 2025 అక్టోబరులో దేశ రాజధానికి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు జెండాలు ఊపినవారికి ఎదుటివారిని వెక్కిరించేందుకు జట్టే లేకుండా పోయింది.

లీగ్ మొత్తానికీ అదే ముప్పు ముంచుకొచ్చింది. ఏడాదికి రూ.50 కోట్ల చొప్పున సమాఖ్యకు చెల్లిస్తూ వాణిజ్య హక్కులు పొందిన ఎఫ్‌ఎస్‌డీఎల్ సంస్థ ఒప్పందం 2025 డిసెంబరు 8తో ముగియనుండటంతో, ఆ జులైలోనే కొత్త సీజన్‌ను నిలిపివేశారు. బెంగళూరు సహా కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. తెలుగువాడైన సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు నేతృత్వంలోని కమిటీ పర్యవేక్షించిన టెండరుకు నవంబరులో ఒక్క బిడ్ కూడా రాలేదు. చివరకు 2026 ఫిబ్రవరి 14న లీగ్ మొదలవుతుందని కేంద్ర క్రీడల మంత్రి మన్‌సుఖ్ మాండవీయ జనవరిలో ప్రకటించారు. హైదరాబాద్ పేరు ఆ జాబితాలో లేదు. విశాఖపట్నం పేరిట ఐ-లీగ్‌లో ప్రవేశం పొంది హైదరాబాద్‌లో మ్యాచ్‌లు ఆడిన శ్రీనిధి దక్కన్ 2022-23, 2023-24 సీజన్లలో రెండో స్థానంలో నిలిచినా పై లీగ్‌కు చేరలేదు. విశాఖ రేవు నుంచి ఓడెక్కి అండమాన్ వెళ్లే తెలుగు కుర్రవాడు అక్కడి బెంగాలీ స్నేహితులతో డెర్బీ గురించి వాదించాలంటే, ప్రస్తుతానికి పులస పక్షమో రొయ్య పక్షమో చేరవలసిందే.