గడప దాటే ముందు అనుమతి

మా మదర్సాలో నూర్ సూరా బోధించే రోజుల్లో పిల్లల చేత ఒక చిన్న అభ్యాసం చేయిస్తాను. ఒక విద్యార్థి గది వెలుపల నిలబడతాడు. తలుపుకు ఎదురుగా కాదు, కాస్త పక్కకు జరిగి నిలబడాలి. సలాం చెప్పి, తన పేరు చెప్పి, లోపలికి రావచ్చునా అని అడగాలి. మూడుసార్లు అడిగినా జవాబు రాకపోతే మనసులో నొచ్చుకోకుండా వెనుదిరగాలి. దైవప్రవక్త (స) నేర్పిన ఈ మర్యాదకు ఇస్తిజాన్ అని పేరు. సొంత ఇంట్లో సైతం ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత పిల్లలు అడిగి లోనికి రావాలని ఆ సూరా ఆదేశిస్తున్నది.

గత సంవత్సరం ఈ పాఠం చెప్పిన రోజు సాయంత్రమే అది నాకు తిరిగి చెప్పబడింది.

మా దగ్గర చదువుకుని, ఇప్పుడు సారపాక కాగితపు మిల్లులో పనిచేస్తున్న ఒక యువకుడు అస్ర్ నమాజు తరువాత నన్ను చూడటానికి బూర్గంపాడు వచ్చాడు. నా ఫోను నెమ్మదిగా నడుస్తున్నదని అంటే తీసుకుని పరీక్షించాడు. కొన్నాళ్ళ క్రితం మా విద్యార్థుల్లో ఇరవై ఆరుగురిని ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతి పరీక్షకు కూర్చోబెట్టేందుకు వారి ఆధార్ కార్డులు, పుట్టిన తేదీ పత్రాలు, ఫోటోలు అన్నింటినీ ఒక ఉచిత కెమెరా యాప్‌తో స్కాన్ చేశాను. ఆ యువకుడు ఆ యాప్ అనుమతుల జాబితా తెరిచి నా ముందు పెట్టాడు. కెమెరా, ఫోటోలు, కాంటాక్టులు, లొకేషన్, మైక్రోఫోను: అన్నీ ఇచ్చి ఉన్నాయి.

‘‘హజ్రత్, ఈ కాగితాలు మీ ఫోనులో మాత్రమే లేవు. బ్యాకప్ ఆన్‌లో ఉంది. వాళ్ళ సర్వరులో కూడా ఉన్నాయి’’ అన్నాడు.

‘‘ఎవరు పంపారు?’’ అని అడిగాను.

అతడు తల వంచుకుని, ‘‘మీరే. మొదటి రోజు అలౌ అని నొక్కారు కదా’’ అన్నాడు.

అదే ఫోనులో మా కోడలి మెహందీ నాటి ఫోటోలు ఉన్నాయి. మా ఇంటి ఆడవాళ్ళే కాక, ఆ రోజు మమ్మల్ని నమ్మి వచ్చిన ఇరుగుపొరుగు ఆడపిల్లలు కూడా వాటిలో ఉన్నారు. ఆ ఫోటోలు ఎక్కడికైనా వెళ్ళాయో లేదో తెలుసుకునే మార్గం నాకు లేదు. వెళ్ళగలిగే దారి మాత్రం నేనే తెరిచి ఉంచాను.

ఒక్క నొక్కులో ఏమి ఇస్తున్నాము?

కెమెరా యాప్‌కు కెమెరా అవసరమే. ఆ అనుమతి ఇస్తే అది ఫోటో తీయగలుగుతుంది. కాని ఫోటోలన్నింటికీ అనుమతి ఇచ్చినట్లయితే, ఆ యాప్‌తో తీయని ఫోటోలను సైతం, అంటే ఏళ్ళ తరబడి ఫోనులో పేరుకున్న కుటుంబ చిత్రాలను, వైద్య పత్రాలను, బ్యాంకు పుస్తకం పేజీలను కూడా అది చూడగలదు. ఫోటోతో పాటు, కంటికి కనిపించని సమాచారం కొంత ఆ ఫైలులోనే దాగి ఉంటుంది. ఏ తేదీన, ఏ నిమిషాన, ఏ ఫోనుతో తీశారో, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఏ చోట తీశారో అందులో నమోదవుతుంది. ఇంటి వరండాలో తీసిన పాప ఫోటో ఇంటి చిరునామాను కూడా మోసుకుపోవచ్చునన్నమాట.

ముఖానికి మెరుగు దిద్దే యాప్‌లు కళ్ళు, ముక్కు, పెదవులు, దవడ గీతలను కొలిచి ఆ కొలతల ఆధారంగా బొమ్మను మారుస్తాయి. కొన్ని యాప్‌లు ఈ పనిని ఫోనులోనే ముగిస్తాయి. మరికొన్ని ఫోటోను తమ సర్వరుకు పంపి, మార్చి, తిరిగి పంపుతాయి. తెరపై రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి. 2019 జూలైలో ముఖాన్ని ముసలిదిగా మార్చి చూపే ఫేస్‌యాప్ ప్రపంచమంతటా ప్రచారమైనప్పుడు, ఫోటోలు తమ సర్వరులకు వస్తాయని, అధిక భాగం 48 గంటల్లో తొలగిస్తామని ఆ సంస్థ ప్రకటించింది. కాని వినియోగదారుల చిత్రాలపై తిరిగి తీసుకోలేని శాశ్వత హక్కును తనకు ఇచ్చుకునే షరతు ఆనాటి ఒప్పంద పత్రంలో ఉన్నది. సంకేతపదం పోతే మార్చుకోవచ్చు. అల్లాహ్ ఇచ్చిన ముఖాన్ని మార్చుకోలేము.

జరిగిన సంగతులు

ఇది ఊహించుకున్న భయం కాదు. 2019 జనవరిలో ట్రెండ్ మైక్రో అనే భద్రతా సంస్థ గూగుల్ ప్లే స్టోరులోని 29 హానికర ఫోటో, కెమెరా యాప్‌ల గురించి వెల్లడించింది. అశ్లీల ప్రకటనలు చూపేవి వాటిలో ఉన్నాయి. అందంగా తీర్చిదిద్దుతామని చెప్పి ఫోటోలను తమ సర్వరుకు చేర్చుకుని, బదులుగా ఒక బూటకపు సందేశం చూపినవీ ఉన్నాయి. అదే సంవత్సరం ఆగస్టులో, కోట్లాది మంది వాడే క్యామ్‌స్కానర్ యాప్‌లోని ప్రకటనల భాగంలో హానికరమైన కోడ్ ఉన్నదని కాస్పర్‌స్కీ సంస్థ కనుగొన్నది. యాప్ తయారు చేసినవారు ఒకరు, అందులో ప్రకటనల కోసం చేర్చిన భాగం మరొకరిది కావచ్చు. మనం తలుపు తీసేది ఒకరికి, లోపలికి వచ్చేది ఇద్దరు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో క్యామ్‌స్కానర్‌తో పాటు బ్యూటీప్లస్, వండర్ కెమెరా వంటివి కూడా ఉన్నాయి.

కెమెరా యాప్ కాకపోయినా, ఫోటోల అనుమతి చేతులు మారితే ఏమవుతుందో మన తెలంగాణ 2020 డిసెంబరులో కళ్ళారా చూసింది. తక్షణ రుణాల యాప్‌లు అప్పు ఇచ్చే ముందే ఫోనులోని కాంటాక్టులు, ఫోటోలు తీసుకున్నాయి. వాయిదా తప్పితే మార్ఫింగ్ చేసిన ఫోటోలను బంధువులకు పంపి అవమానించాయి. ఆ వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, రుణ యాప్‌లు ఫోనులోని ఫైళ్ళు, ఫోటోలు, కాంటాక్టులు, కాల్ వివరాల జోలికి పోరాదని ఆదేశించింది.

ఇక 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరొకసారి ముస్లిం స్త్రీల ఫోటోలను ‘వేలం’ పేరిట యాప్‌లలో ఉంచిన దుర్మార్గాన్ని పాఠకులు మరచిపోయి ఉండరు. ఆ ఫోటోలు సామాజిక మాధ్యమాల నుండి తీసుకున్నవి. అవి ఆ స్త్రీలు తమ ఇష్టంతో పెట్టుకున్నవి, అందులో వారి తప్పేమీ లేదు. తప్పు దొంగిలించినవారిదే. కాని గడప దాటిన బొమ్మ ఎవరి చేతికి చిక్కుతుందో చెప్పలేమని ఆ ఉదంతం మనకు తెలియజేసింది.

చట్టం ఎంత దూరం వస్తుంది?

2017 ఆగస్టు 24న జస్టిస్ పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమావళి వెలువడింది. నిబంధనలు దశలవారీగా అమలులోకి వస్తాయి. ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పి అనుమతి కోరాలి. ఆ వివరాన్ని ఇంగ్లీషులోనే కాక, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా, అంటే తెలుగులో, ఉర్దూలో కూడా పొందే వీలు కల్పించాలి. ఇచ్చినంత సులువుగా అనుమతిని వెనక్కు తీసుకోగలగాలి. 18 సంవత్సరాలు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి.

ఇది మేలైన చట్టమే. అయితే ఒక సంగతి గమనించాలి. వ్యక్తులు తమ సొంత, గృహ అవసరాలకు చేసే వినియోగం ఈ చట్టం పరిధిలోకి రాదు. మన ఇంటి వేడుకలో పొరుగింటి అమ్మాయి ఫోటో తీసి, దానిని ఏదో ఒక యాప్ చేతిలో పెట్టినప్పుడు ఈ చట్టం మనల్ని అడగదు. అక్కడ మిగిలేది అమానత్ ఒక్కటే. ఫోటోలో పదిమంది ఉంటే ఆ ఫోటో పదిమందిది. ‘అనుమతించు’ అని నొక్కే వేలు మాత్రం మనది. ఇతరుల ఇంటి తలుపును మనం తెరవగలమా?

మనం చేయగలిగినవి

ఫోనుతో వచ్చిన కెమెరా చాలా అవసరాలకు సరిపోతుంది. కొత్త యాప్ కావాలనుకుంటే ముందుగా ప్లే స్టోరులో ‘డేటా సేఫ్టీ’ భాగం చదవండి. అది యాప్ తయారీదారు స్వయంగా ఇచ్చే వాంగ్మూలమేనని గుర్తుంచుకోండి. సెట్టింగ్స్‌లో యాప్స్, ఆ తరువాత పర్మిషన్స్ తెరిచి చూడండి. ఫోటో తీసే యాప్‌కు కాంటాక్టులతో పని లేదు. కెమెరాకు ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అనే అనుమతి చాలు. కొత్త ఫోన్లలో ఎంపిక చేసిన ఫోటోలను మాత్రమే ఇచ్చే సౌకర్యం కూడా ఉన్నది. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ నమోదును ఆపివేయండి. తెర పై మూలన పచ్చని చుక్క వెలిగిందంటే ఏదో ఒక యాప్ కెమెరానో మైక్రోఫోనునో వాడుతున్నదని అర్థం.

ఆధార్ అడిగిన చోట వీలైనంత వరకు చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. యాప్‌ను ఫోను నుండి తీసివేసినంత మాత్రాన సర్వరులోని ప్రతులు చెరిగిపోవు. ముందుగా బ్యాకప్‌లోని పత్రాలను, ఆపై ఖాతాను తొలగించి, చివరన యాప్‌ను తీసివేయాలి. ఎవరైనా ఫోటోలతో బెదిరిస్తే ఆడపిల్లను నిందించకండి. 1930 నంబరుకు గాని, షీ టీమ్స్‌కు గాని వెంటనే తెలియజేయండి. ఇంట్లో తిడతారన్న భయంతో దాచిన రోజులే బెదిరించేవాడికి బలమవుతాయి.

నేను ఆ క్రమంలోనే అన్నీ తొలగించాను. ఆ తరువాత వచ్చిన జుమా నమాజు అనంతరం ఇరవై ఆరుగురు పిల్లల తల్లిదండ్రులను కూర్చోబెట్టి జరిగినది చెప్పాను. క్షమాపణ కోరాను. ‘‘ఆధార్ ఇవ్వని చోటు ఎక్కడుంది మౌల్వీ సాబ్, వదిలేయండి’’ అని ఒక తండ్రి తేలికగా తీసుకున్నాడు. మనవడి కోసం వచ్చిన ఒక వృద్ధురాలు మాత్రం, ‘‘ఆ కాగితాలు మళ్ళీ మన దగ్గరికి వస్తాయా?’’ అని అడిగింది. చెరిపివేయమని కోరానని, చెరిపారో లేదో నేను చూడలేనని ఆమెకు చెప్పవలసి వచ్చింది. మెహందీకి వచ్చిన ఆడపిల్లల ఇళ్ళకు మా ఇంట్లోవాళ్ళు స్వయంగా వెళ్ళి విషయం చెప్పి వచ్చారు. ఆ పని కాగితాల సంగతి కంటే కష్టమైనది.

ఈ సంవత్సరం ఇస్తిజాన్ పాఠంలో అభ్యాసం రెండు భాగాలయింది. మొదట ఒక విద్యార్థి తలుపు బయట నిలబడి అనుమతి అడుగుతాడు. ఆ తరువాత ఫోను తెరిచి, ఒక యాప్ అడిగే అనుమతులను ఒక్కొక్కటిగా పైకి చదువుతాడు. ప్రతి దానికీ తరగతి జవాబు చెప్పాలి: నీవెవరు? నీకు ఇది ఎందుకు? జవాబు లేని చోట పిల్లలందరూ ఒక్క గొంతుతో ‘‘వెళ్ళిపో’’ అంటారు.