మాన్ పుటల రూపసవరణ

మాన్ పుట అనగా యునిక్స్ నిర్వాహక వ్యవస్థలో ఒక ఆదేశమును గురించి తెలిపే కరదీపిక పుట. మాన్యువల్ అను మాటకు మాన్ అనేది సంక్షిప్త రూపం. టెర్మినల్‌లో మాన్ అని వ్రాసి, ఖాళీ విడిచి, ఆదేశము పేరు వ్రాసినచో ఆ పుట తెరపైకి వస్తుంది. ఈ పుటల మూలప్రతిలోని గుర్తుల తప్పులను సరిదిద్దడమే రూపసవరణ. దీనిని పలువురు అలంకారపు పనిగా తలుస్తారు. కాని ఒక్క గుర్తు తప్పినా పుట చెప్పే విషయమే మారిపోవచ్చును.

చరిత్ర

కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ కూర్చిన యునిక్స్ ప్రోగ్రామర్ల కరదీపిక తొలి కూర్పు 1971 నవంబరు 3 తేదీతో బెల్ ప్రయోగశాలలో వెలువడింది. పేరు, వాడే విధము, వివరణ, లోపాలు అను శీర్షికలు అందులోనే ఉన్నాయి. తమ ప్రోగ్రాములోని లోపాలను తామే ప్రకటించుకొనుట మెచ్చదగిన సంప్రదాయం. 1979లో వచ్చిన ఏడవ కూర్పుతో మాన్ మాక్రోలు వాడుకలోకి వచ్చాయి. 1990లో జేమ్స్ క్లార్క్ వ్రాసిన గ్రాఫ్ అను ప్రోగ్రామే నేటికీ అనేక లినక్స్ వ్యవస్థలలో ఈ పుటలను తీర్చిదిద్దుతున్నది.

మూలప్రతిలో వచ్చే తప్పులు

మూలప్రతి సాధారణ పాఠ్యమే. చుక్కతో గాని, ఒంటి కొటేషన్ గుర్తుతో గాని మొదలైన పంక్తిని గ్రాఫ్ పాఠ్యముగా కాక తనకిచ్చిన ఆజ్ఞగా భావిస్తుంది. చిక్కు ఇక్కడే ఉన్నది. యునిక్స్‌లో '.ప్రొఫైల్' వలె చుక్కతో మొదలయ్యే దస్త్రాలు అనేకం. అట్టి పేరు పంక్తి మొదట పడినచో, ఆ పేరు గల ఆజ్ఞ లేనందున గ్రాఫ్ ఆ పంక్తిని మొత్తంగా విడిచిపెడుతుంది. మామూలుగా హెచ్చరిక కూడ చేయదు. ఆ పంక్తిలో "ఈ దస్త్రాన్ని తొలగించరాదు" అని ఉన్నచో పాఠకునికి ఆ సంగతే తెలియదు. చుక్కకు ముందు '\&' చేర్చుట దీనికి మందు.

రెండవది అడ్డగీత. మూలప్రతిలో వట్టి '-' వ్రాసినచో గ్రాఫ్ దానిని మాటలను కలిపే గీతగా తీసుకొని, యూనికోడు తెరపై వేరొక సంకేతాన్ని ముద్రిస్తుంది. కంటికి రెండూ ఒకటే. ఉదాహరణకు తుళ్లూరులోని ఒక విద్యార్థి మిరప ధరల దస్త్రాన్ని ఎక్కువ ధర నుండి తక్కువ ధరకు అమర్చుటకు సార్ట్ ఆదేశపు పుట నుండి '-ఎన్ఆర్' అను ఐచ్ఛికాన్ని నకలు చేసి అతికించాడనుకొందాం. కంప్యూటరు దానిని ఐచ్ఛికంగా గుర్తించక, ఆ పేరు గల దస్త్రము లేదని బదులిస్తుంది. తప్పు విద్యార్థిది కాదు, పుట వ్రాసినవారిది. '\-' అని వ్రాస్తే సరిపోయేది. కొన్ని లినక్స్ పంపిణీలు రెండు గీతలనూ ఒకటిగా చూపి ఈ తప్పును కప్పిపుచ్చుతున్నాయి. 2023లో వచ్చిన గ్రాఫ్ 1.23 మాత్రం అట్టి సర్దుబాటును మానివేసింది. దానితో పాత పుటల తప్పులెన్నో బయటపడ్డాయి.

అక్షరాల తీరులో కూడ అర్థమున్నది. యథాతథంగా టైపు చేయవలసినది ముద్దక్షరాలలో, వాడుకరి తన పేరో సంఖ్యో నింపవలసిన చోటు వాలు అక్షరాలలో ఉండాలి. ఐచ్ఛికమని తెలిపే చదరపు కుండలీకరణాలు మామూలు అక్షరాలలోనే ఉండాలి, ఏలనన అవి టైపు చేయవలసినవి కావు. ముద్దక్షరాలను ఆరంభించి ముగించుట మరచినచో తరువాతి పాఠ్యమంతా ముద్దగా వస్తుంది.

పేరు శీర్షిక క్రింద ఆదేశము పేరు, '\-', ఒక పంక్తి వివరణ ఉండాలి. వాటీజ్, ఎప్రోపో అను వెదకులాట ఆదేశాలు ఈ పంక్తినే ఆధారంగా తీసుకొంటాయి. అది చెడినచో పుట ఉండి కూడ వెదకేవారికి దొరకకపోవచ్చును.

సవరించు పద్ధతి

మొదట మూలప్రతి చేతితో వ్రాసినదా, మరొక ప్రోగ్రాము తయారు చేసినదా అని చూడాలి. రెండవ రకమైతే మాన్ పుటను దిద్ది లాభం లేదు. మరల తయారైనప్పుడు పాత తప్పులే తిరిగి వస్తాయి. మాన్‌డాక్ అను ప్రోగ్రాములోని లింట్ పద్ధతి అనుమానాస్పద పంక్తులను సంఖ్యలతో సహా చూపుతుంది. రూపసవరణను, భాషాసవరణను వేర్వేరు మార్పులుగా పంపుట మేలు. రెండూ కలిపినచో పరిశీలించువారికి ఏది ఎందుకు మారినదో తెలియదు.

తెలుగు లిపి

టెర్మినల్‌లో ఒక సంకేతానికి ఒక గడి అను లెక్క ఆంగ్లానికి కుదిరినట్లు తెలుగుకు కుదరదు. 'స్త్రీ' అను ఒక్క అక్షరము యూనికోడులో ఆరు సంకేతాల కూడిక. కావున తెలుగులో మాన్ పుట వ్రాయువారు గుర్తులన్నీ సరిగా పెట్టినను, పంక్తుల అమరికను తెరపై విడిగా సరిచూచుకొనవలసి ఉంటుంది.