ఎనిమిది లైన్ల లెక్క

చాలా ఆఫీసుల్లో రిసెప్షన్ బల్ల వెనక గోడకు ఓ పెట్టె బిగించి ఉంటుంది. మూత తీస్తే క్రోన్ పట్టీల్లో గుచ్చిన సన్నని జంట తీగలు, ఒక్కో జంట పక్కన పెన్నుతో రాసిన నంబరు: 201 అకౌంట్స్, 204 స్టోర్, 207 ఎండీ. దాని పేరు ఈపీఏబీఎక్స్. లోపలివాళ్లు మూడంకెలు నొక్కి ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలన్నా, సున్నా నొక్కి బయటి లైను పట్టుకోవాలన్నా అదే దిక్కు. ఇప్పుడు ఆఫీసులు మారినప్పుడల్లా ఆ పెట్టెను పీకేస్తున్నారు. దాని పని కంప్యూటర్లూ మొబైల్ యాప్‌లూ చేస్తున్నాయి. అయితే పెట్టె పోయినా, దాని వెనకున్న లెక్క మాత్రం పోలేదు.

మొదట్లో ఆ పనంతా మనుషులదే. 1878 జనవరి 28న అమెరికాలోని న్యూ హేవెన్‌లో జార్జ్ కాయ్ 21 మంది చందాదారులతో ఎక్స్‌ఛేంజి తెరిచాడు. దాని బోర్డును గుర్రపు బండి బోల్టులతో, టీ కెటిల్ మూతల పిడులతో చేశాడు. ఎవరికి ఎవరు కావాలో విని కలిపేది ఆపరేటరే. తనకు రావాల్సిన కాల్స్‌ను ఆపరేటర్లు పోటీదారుకు మళ్లిస్తున్నారని కాన్సస్ సిటీలో అంత్యక్రియల వ్యాపారం చేసే అల్మన్ స్ట్రౌజర్ అనుమానపడ్డాడని చెబుతారు. మనిషి లేకుండా కలిపే స్విచ్‌కు 1891లో ఆయన పేటెంట్ పొందాడు. తర్వాతి కాలంలో ఆ స్ట్రౌజర్ ఎక్స్‌ఛేంజిలనే బెంగళూరులోని ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ (ఐటీఐ) మన దేశం కోసం తయారుచేసింది.

యంత్రం వచ్చింది సరే, అసలు ఎన్ని లైన్లు వేయాలి? డెన్మార్క్ గణితవేత్త ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ పట్టుకున్న ప్రశ్న ఇది. 1908లో కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో చేరిన ఆయన 1917లో ఓ సూత్రం ప్రచురించాడు. ఫోన్ వ్యవస్థ కొనేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే గణితం మరొకటి లేదు.

30 మంది పనిచేసే ఓ ఆఫీసు ఉందనుకుందాం. రద్దీ గంటలో ఒక్కొక్కరు సగటున 6 నిమిషాలు బయటివాళ్లతో మాట్లాడతారు. మొత్తం 180 నిమిషాలు, అంటే మూడు గంటల మాటలు ఒక గంటలో పట్టాలి. మూడు లైన్లు చాలుగదా అనిపిస్తుంది. కానీ కాల్స్ వరుస కట్టి రావు, గుంపుగా వచ్చి పడతాయి. ఎర్లాంగ్ సూత్రంలో ఆ అంకెలు వేస్తే, మూడు లైన్లే ఉన్నప్పుడు నూటికి దాదాపు 35 కాల్స్‌కు ఎంగేజ్ టోనే గతి. ఐదు లైన్లకు అది 11కు దిగుతుంది, ఏడుకు 2కు. ఎనిమిదో లైను వేస్తే నూటికి ఒక్కటి కూడా పోదు. ఇంకో సంగతి: సిబ్బంది 60 అయితే లైన్లు 16 కానక్కర్లేదు, 13 చాలు. ఎంత ఎక్కువమంది కలిసి వాడుకుంటే, ఒక్కొక్కరి వంతు అంత తగ్గుతుంది. వేల ఆఫీసుల కాల్స్‌ను ఒకేచోట కలిపి నడిపే క్లౌడ్ కంపెనీలు నెలకింతని తక్కువ రేటుకు ఇవ్వగలగడానికి ఓ ముఖ్య కారణం ఇదే.

లెక్క అలా ఉండగా, యంత్రమూ మారుతూ వచ్చింది. మన దేశంలో 1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ 128 లైన్ల డిజిటల్ ఎక్స్‌ఛేంజిని రూపొందించి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో నడిపింది. ఏసీ గది అక్కర్లేకుండా, మన ఎండలకూ దుమ్ముకూ తట్టుకునేలా కట్టిన యంత్రమది. ఆఫీసుల ఎక్స్‌ఛేంజి కూడా అదే కుదురులో పుట్టింది. ఇంజనీర్లు వాడే చోటును చూసి యంత్రాన్ని గీశారు కాబట్టే అది ఊళ్లలో నిలిచింది.

1999లో అమెరికాలోని అలబామాలో లినక్స్ సాయం అందించే చిన్న సంస్థ పెట్టిన విద్యార్థి మార్క్ స్పెన్సర్‌కు ఆఫీసు ఎక్స్‌ఛేంజి కొనే స్తోమత లేకపోయింది. తనే ఓ ప్రోగ్రామ్ రాసుకుని, ఆస్టరిస్క్ అని పేరుపెట్టి, అందరికీ ఉచితంగా వదిలేశాడు. మామూలు కంప్యూటరే ఎక్స్‌ఛేంజి అయింది. పెట్టె గోడ దిగింది అప్పుడే.

ఇంటర్నెట్ ఫోన్‌లో గొంతు ముక్కలుగా వెళ్తుంది, సెకనుకు సాధారణంగా 50 ప్యాకెట్లు. ఎక్కువగా వాడే పద్ధతిలో ఒక కాల్‌కు ఒక్కో వైపు సెకనుకు సుమారు 87 కిలోబిట్లు పడతాయి. ఎనిమిది కాల్స్ కలిపినా 700 కిలోబిట్లు. ఏ బ్రాడ్‌బ్యాండ్‌కైనా ఇది లెక్కలోది కాదు. మరి మాట ఎందుకు తెగుతుంది? ఆలస్యం వల్ల. గొంతు అవతలి చెవికి 150 మిల్లీసెకన్లలోపు చేరాలన్నది అంతర్జాతీయ టెలికాం యూనియన్ సిఫారసు. కాల్ నడుస్తున్నప్పుడే ఎవరో సీసీటీవీ ఫుటేజి అప్‌లోడ్ పెడితే, గొంతు ప్యాకెట్లు దాని వెనక ఆగిపోతాయి. రూటర్‌లో గొంతుకు ముందు దారి ఇచ్చే సెట్టింగ్ పెట్టుకోకుండా ఖరీదైన ప్లాన్‌కు మారడం డబ్బు దండగ.

ఈలోగా ఆఫీసు మాటలు చాలావరకు అక్షరాల్లోకి మారాయి. గ్లిచ్ అనే ఆన్‌లైన్ ఆట 2012లో మూతపడ్డాక, దాన్ని తయారుచేసిన బృందం తమలో తాము మాట్లాడుకోవడానికి కట్టుకున్న సాధనమే స్లాక్‌గా జనంలోకి వచ్చింది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యంలో మైక్రోసాఫ్ట్ 2017లో టీమ్స్ తెచ్చింది. ఫోన్, చాట్, ఫైళ్లు, మీటింగ్ ఇప్పుడు ఒకే కిటికీలో ఉంటాయి. సౌకర్యం నిజమే. కానీ ఆఫీసు జ్ఞాపకమంతా ఎవరి దగ్గర ఉంటుందన్న ప్రశ్న పాత పెట్టె ఎన్నడూ వేయనిది. స్లాక్ ఉచిత ప్లాన్‌లో 2022 నుంచి 90 రోజుల సందేశాలే కనిపిస్తున్నాయి. రెండు దశాబ్దాలు లోకమంతా వాడిన స్కైప్‌ను 2025 మే 5న మూసేశారు. అందుకే ధర అడగకముందే అడగాల్సినవి రెండున్నాయి. నంబరు ఎవరి పేరున ఉంటుంది? మానేస్తే చాట్లూ ఫైళ్లూ ఏ రూపంలో చేతికిస్తారు? వీటికి రాతపూర్వకంగా జవాబివ్వని సంస్థను పక్కన పెట్టడమే మేలు.

కరెంటు సంగతి మరీ ముఖ్యం. పాత ల్యాండ్‌లైన్‌కు ఎక్స్‌ఛేంజి బ్యాటరీల నుంచే 48 వోల్టుల విద్యుత్ వచ్చేది. ఊరంతా చీకటైనా అది మోగేది. చాలా ఈపీఏబీఎక్స్‌లలోనూ పెట్టె ఆగితే ఓ బయటి లైనును నేరుగా ఓ ఫోనుకు కలిపే ఏర్పాటు ఉండేది. కొత్త ఇంటర్నెట్ (ఐపీ) ఫోన్లకు ఆ ఆసరా లేదు. బల్ల మీది ఫోను, దానికి కరెంటిచ్చే స్విచ్, రూటర్, ఫైబర్ మోడెమ్ నాలుగూ యూపీఎస్ మీద ఉండాలి. ఒక్కటి తప్పినా నంబరు మూగబోతుంది. ట్రయల్‌కు ఇచ్చినప్పుడే రద్దీ వేళ మెయిన్ ఆపి, బయటి మొబైళ్ల నుంచి ఆఫీసుకు ఎనిమిది కాల్స్ ఒకేసారి చేయించి చూడాలి.