రెండు కన్నులు, ఒకే దృశ్యం: త్రిమితీయ చిత్రాల పరిచయం

కాగితానికి పొడవు, వెడల్పు మాత్రమే ఉన్నాయి. అయినప్పటికీ కొన్ని చిత్రాలలో కొండ ముందుకు పొడుచుకు వచ్చినట్లు, లోయ లోపలికి దిగినట్లు గోచరిస్తుంది. ఈ లోతు కాగితంలో లేదు. చూచేవారి మెదడులో ఉన్నది.

మన కన్నుల మధ్య దూరం సుమారు 6.5 సెంటీమీటర్లు. కనుక ఒకే వస్తువును అవి కొంత భిన్నమైన కోణాల నుండి చూస్తాయి. చూపుడువ్రేలిని ముఖానికెదురుగా నిలిపి, ఒక్కొక్క కన్నే మూసి చూడండి. వెనుకనున్న గోడపై వ్రేలు ప్రక్కకు జరిగినట్లు కనిపిస్తుంది. దీనినే దృష్టివిక్షేపం, లేక పారలాక్స్ అంటారు. వస్తువు దగ్గరైన కొలది ఈ జరుగుబాటు అధికం. ఈ భేదం ఆధారంగానే మెదడు లోతును గ్రహిస్తుంది.

ప్రక్కప్రక్క స్థానాల నుండి తీసిన ఒకే దృశ్యపు రెండు ఛాయాచిత్రాలను స్టీరియో జంట అంటారు. ఎడమ చిత్రం ఎడమ కంటికే, కుడి చిత్రం కుడి కంటికే అందవలెను. వీక్షణ పద్ధతులన్నిటి పరమార్థం ఇదే.

మొదటిది స్టీరియోస్కోపు. 1838లో ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ రెండు అద్దాల సహాయంతో దీనిని వివరించాడు. తరువాత కటకాలతో కూడినవి వచ్చాయి. రెండవది ఎనాగ్లిఫ్. ఇందులో రెండు చిత్రాలను ఎరుపు, నీలి రంగులలో ఒకదానిపై ఒకటి ముద్రిస్తారు. తెల్లకాగితంపై ఎర్ర గీత ఎర్రని అద్దంలో కనుమరుగవుతుంది. నీలిగీత నల్లగా కనిపిస్తుంది. మూడవది పోలరాయిడ్ కళ్ళజోడు. 1984లో వచ్చిన మలయాళ చిత్రం ‘మై డియర్ కుట్టిచాతన్’ను ప్రేక్షకులు ఈ విధంగానే తిలకించారు. ఏ సాధనమూ లేకుండ, చూపును సమాంతరంగా సాగించి చూడటం నాల్గవది. చూపును అడ్డంగా కలిపి చూచేటట్లయితే చిత్రాల స్థానాలు మార్చవలెను. లేనిచో కొండ గుంటగా, గుంట కొండగా తోస్తాయి.

ఇది కేవలం వినోదం కాదు. 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 ఉపగ్రహంలో ఒక కెమెరా 26 డిగ్రీలు ముందుకు, మరొకటి 5 డిగ్రీలు వెనుకకు వంగి ఉండేవి. సుమారు 618 కిలోమీటర్ల ఎత్తు నుండి అవి తీసిన జంట చిత్రాలతో నేల ఎత్తుపల్లాలను లెక్కకట్టారు. గుడిమెట్ల వద్ద కృష్ణ ఒడ్డున నిలిచి మనం కంటితో అంచనా వేసే మిట్టపల్లాలకు ఆకాశం నుండి కొలత దొరికే మార్గం ఇదే.

విద్యార్థులు గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. ఇట్టి చిత్రాలలో కొందరికి లోతు ఎంతమాత్రం కనిపించదు. మెల్లకన్ను గల పిల్లలలో మెదడు ఒక కంటి దృశ్యాన్ని త్రోసిపుచ్చవచ్చును. నీడలు, పరిమాణాలు చూచి దూరం ఊహించుకొంటారు గనుక ఆ లోపం ఇంటివారికి సైతం తెలియకపోవచ్చు. బాల్యంలోనే చికిత్స జరిగితే ఫలితం మెరుగు. కనుక లోతు కనబడలేదన్న తోటివానిని పరిహసింపక, కంటి వైద్యుని వద్దకు పంపండి. మెల్లకన్ను అదృష్టమని చెప్పి మీ ఇంటి పసిపిల్లల విషయంలో కాలహరణం చేయనీయకండి.