గుట్ట మీద గుట్ట.. దాటొద్దామా?

మీది మదనపల్లె కావచ్చు, పుంగనూరు కావచ్చు, కుప్పం కావచ్చు. మిద్దెక్కి చూస్తే ఏదో ఒక దిక్కున గుట్టల వరుస కనిపిస్తుంది. సీతాఫలాల కోసమో, కొండ మీది గుడి కోసమో వాటిలో ఒకదాన్ని ఎక్కే ఉంటారు. సెల్ఫీ తీసుకుని, ఎక్కిన దారినే దిగొచ్చి ఉంటారు. అదే వరుసలోని నాలుగు గుట్టల్ని మధ్యలో నేల మీదికి రాకుండా, వెన్ను మీదుగా ఒకదాని తర్వాత ఒకటి దాటి అవతలి ఊళ్లో దిగాలంటే? దీన్నే రిడ్జ్‌ ట్రావర్స్‌ అంటారు. నడక సరిపోక చేతులు కూడా వాడాల్సిన చోట అది స్క్రాంబ్లింగ్‌ అవుతుంది. మన మాటల్లో ఎగబాకడం.

దీనికి హిమాలయాలే అక్కర్లేదు. స్కాట్లాండ్‌లోని స్కై దీవిలో కూలిన్‌ రిడ్జ్‌ అని ఒకటుంది. సుమారు 12 కిలోమీటర్ల వెన్ను మీద 3000 అడుగులు దాటిన శిఖరాలు 11. అన్నిటికన్నా ఎత్తయినది కూడా వెయ్యి మీటర్లు లేదు. మన హార్స్లీహిల్స్‌ దాదాపు 1265 మీటర్లు! అయినా ఆ వెన్నంతా ఒకే రోజులో మొదటిసారి దాటింది 1911లో. ఇప్పటికీ తిరిగి వచ్చేసేవాళ్లు బోలెడుమంది. అంటే ఇక్కడ కష్టం ఎత్తులో కన్నా ఎక్కి దిగే లెక్కలో ఉంది.

ఆ లెక్క చూద్దాం. 1892లో నైస్మిత్‌ అనే స్కాట్లాండ్‌ ఆరోహకుడు చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది: ప్రతి 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. ఆరు కిలోమీటర్ల వరుసలో నాలుగు గుట్టలు, ఒక్కోదానికి 150 మీటర్ల ఎక్కుడు అనుకోండి. 2 గంటల 12 నిమిషాలు వస్తుంది. ఇది మంచి దారి మీద నడిచేవాళ్లకు. చేతులతో పాకే బండల మీద దీనికి రెండింతలో, మూడింతలో వేసుకోండి. నీళ్లు తాగడం, దారి వెతుక్కోవడం అదనం. తెల్లవారుజామున బయల్దేరకపోతే మూడో గుట్ట మీదే ఎండ మాడ్చేస్తుంది. వెన్ను మీద చెలమలు ఉండవు కాబట్టి మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు మోసుకుపోవాల్సిందే.

దిగడమే అసలు పరీక్ష

ఎక్కేటప్పుడు పట్టు కళ్ల ముందు ఉంటుంది. దిగేటప్పుడు కాలి కింద, కనపడకుండా ఉంటుంది. అందుకే పాత ఆరోహకులు మొదట నేర్పేది ఒకటే: దిగలేని బండ ఎక్కొద్దు. రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు బండను ఆనుకునే ఉండాలి. బరువు వేసేముందు ప్రతి పట్టునూ తట్టి చూడాలి. డొల్లగా మోగిందా, వదిలేయండి. నిటారు చోట బండకు ముఖం పెట్టి దిగాలి. తలకు హెల్మెట్‌ ఉండాలి. బైక్‌ది కాదు, క్లైంబింగ్‌ది.

మన రాయి గ్రానైట్‌. ఎండలో బూటును బాగా పట్టుకుంటుంది. వాన పడి పాచి తడిసిందంటే సబ్బే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఆ నెలల్లోనూ ఉదయం మంచుకు తడిసిన బండను ఆరేదాకా ముట్టుకోకండి. విదేశీ పుస్తకాల్లో లేని ప్రమాదాలూ మనకున్నాయి. బండల అంచున వేలాడే పెద్ద తేనెపట్లు, గుండ్ల సందుల్లో ఎలుగుబంట్లు, కౌండిన్య అభయారణ్యం నుంచి కుప్పం, పలమనేరు వైపు తిరిగే ఏనుగులు. ఏనుగు మల్లమ్మ కొండ అని హార్స్లీహిల్స్‌కు పాత పేరు ఉండనే ఉంది. క్వారీలుంటే పేలుళ్ల వేళలు కనుక్కోవాలి. రిజర్వు ఫారెస్టయితే అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. మేకలు కాసేవాళ్లను అడగండి, గూగుల్‌ మ్యాప్‌ కన్నా వాళ్లే నయం.

ఇక్కడ మల్లి మస్తాన్‌బాబు గురించి చెప్పుకోవాలి. నెల్లూరు జిల్లా పల్లె నుంచి ఐఐటీ ఖరగ్‌పూర్‌, ఐఐఎం కోల్‌కతా దాకా చదివి, 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మనిషి. 2015 మార్చిలో చిలీ, అర్జెంటీనా సరిహద్దులోని ట్రెస్‌ క్రూసెస్‌ పర్వతం మీదికి ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. అంత అనుభవజ్ఞుడికే అలా జరిగింది. కనీసం ముగ్గురు వెళ్లండి. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుంటారు, ఒకరు సాయానికి దిగొస్తారు. ఎన్ని గంటలకు ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలో ముందే రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి. నాలుగో గుట్ట వచ్చే వారం కూడా అక్కడే ఉంటుంది.

శిక్షణ.. ఉపాధి

పదమూడేళ్లకే 2014 మే 25న ఎవరెస్ట్‌ ఎక్కిన మలావత్‌ పూర్ణ తొలి పాఠాలు నేర్చింది భువనగిరి కోటబండ మీద. ఆ తర్వాతే డార్జిలింగ్‌ వెళ్లింది. మీరూ అదే వరుసలో పోవచ్చు. కుప్పం వాళ్లకు రైలెక్కితే బెంగళూరు దగ్గరే. అక్కడి జనరల్‌ తిమ్మయ్య జాతీయ సాహస అకాడమీ రాక్‌ క్లైంబింగ్‌ నేర్పుతుంది. తర్వాత డార్జిలింగ్‌లోని హెచ్‌ఎంఐ (1954), ఉత్తరకాశీలోని నిమ్‌ (1965) లాంటి సంస్థల్లో దాదాపు నాలుగు వారాల బేసిక్‌ కోర్సు. అందులో ‘ఎ’ గ్రేడ్‌ వస్తేనే అడ్వాన్స్‌డ్‌కు, అందులోనూ ‘ఎ’ వస్తేనే ఇన్‌స్ట్రక్టర్‌ కోర్సుకు దారి. కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే మీ అధికారిని అడగండి, ఈ కోర్సులకు క్యాడెట్లను పంపుతారు.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. ట్రెక్‌ లీడర్‌, క్యాంపు ఇన్‌స్ట్రక్టర్‌ పనులు సీజన్‌ను బట్టి ఉంటాయి, డిగ్రీ వదిలేసి వీటి మీదే ఆధారపడొద్దు. తాడు పని బాగా వచ్చినవాళ్లకు గాలిమరలు, ఎత్తయిన భవనాల మరమ్మతుల్లో రోప్‌ యాక్సెస్‌ టెక్నీషియన్‌గా అవకాశాలున్నాయి. దానికి ఐరాటా లాంటి సర్టిఫికెట్‌ వేరే తీసుకోవాలి.

బేసిక్‌ కోర్సుకు సీట్లు తొందరగా నిండిపోతాయి. వయసు, ఫీజు వివరాలు ఆయా సంస్థల వెబ్‌సైట్లలో చూసి, కొన్ని నెలల ముందే దరఖాస్తు పెట్టండి. మెడికల్‌ సర్టిఫికెట్‌ తప్పనిసరి. ఈలోగా పది కిలోల సంచి వీపున వేసుకుని వారానికి రెండుసార్లు మీ ఊరి గుట్ట మెట్లెక్కి దిగండి. దిగేటప్పుడు పరుగెత్తకుండా.