గడ్డి మీసంతో నడిచే యంత్రం

రాబర్ట్ హుక్ 1665లో లండన్‌లో వెలువరించిన ‘మైక్రోగ్రాఫియా’ పేరు చెప్పగానే బెండుముక్కలో ఆయన చూసిన కణాలు, పేను బొమ్మ గుర్తుకొస్తాయి. అదే పుస్తకంలో అంతగా ఎవరూ పట్టించుకోని మరో ప్రకరణం ఉంది. అది అడవి ఓట్ గింజ కొసన ఉండే మీసం గురించి. ఆ మీసం సగం దాకా తాడులా మెలితిరిగి, అక్కడ మోకాలిలా వంగి, ఆపైన తిన్నగా సాగుతుంది. తడి తగిలితే మెలి విప్పుకుంటుంది, ఆరితే మళ్లీ చుట్టుకుంటుంది. హుక్ దాని కింది కొసను ఒక చిన్న పెట్టెలో బిగించి, పై కొసకు తేలికైన సూచికను తగిలించి, చుట్టూ గీతలున్న వలయాన్ని అమర్చాడు. గాలిలో తేమ మారినప్పుడల్లా సూచిక తిరిగేది. పళ్లచక్రాలు లేవు, స్ప్రింగు లేదు. తేమను పసిగట్టేదీ, సూచికను తిప్పేదీ ఆ ఒక్క ఎండు పోచే.

ఆ పరికరం చివరికి నిలవలేదు. జెనీవాకు చెందిన సొస్యూర్ 1783లో మనిషి వెంట్రుకతో తేమమాపకాన్ని వర్ణించాక శాస్త్రజ్ఞులు అటే మొగ్గారు. పూర్తిగా పొడిగాలి నుంచి పూర్తిగా తడిగాలికి వచ్చేసరికి వెంట్రుక పొడవు సుమారు రెండున్నర శాతమే పెరుగుతుంది. అయినా ఆ పెరుగుదల నమ్మకంగా ఉంటుంది. గడ్డి మీసం అలా కాదు. ఒక్కోదానికి ఒక్కో లెక్కన మెలికలుంటాయి, ఒకటి చెప్పిన కొలత మరొకదానితో కలవదు. కొలత పరికరంగా అది ఓడిపోవడం న్యాయమే. కానీ ఆ ఓటమిని చూసి దాన్ని ఆటవస్తువుగా తీసిపారేయడం మాత్రం తప్పు. మీసం ఎక్కువగా కదులుతుంది, బలంగా తిరుగుతుంది, అడ్డొచ్చినదాన్ని నెడుతుంది. ఈ గుణాలు కొలత పరికరానికి అవసరం లేదు, మోటారుకు అవసరం. దాన్ని మనం లెక్క చెప్పమని అడిగాం, అది పని చేయడానికి పుట్టింది.

దానికి సాక్ష్యం పొలంలోనే దొరికింది. చార్లెస్ డార్విన్ కుమారుడు ఫ్రాన్సిస్ డార్విన్ 1876లో స్టైపా అనే గడ్డి మీద రాసిన పత్రంలో, మెలితిరిగే మీసం గింజను మట్టిలోకి ఎలా దింపుతుందో వివరించాడు. మీసం పై భాగం చుట్టుపక్కల గడ్డిలో చిక్కుకుని కదలలేకపోతే, మెలి విప్పుకునే ఊపు మొత్తం కిందున్న గింజకు చేరుతుంది. గింజ మొనకు వెనక్కి వాలిన నూగు ఉంటుంది కాబట్టి లోపలికి దిగడమే తప్ప బయటికి రావడం కష్టం. కణాలను విడదీసి చూస్తే, ఒక్కో కణం కూడా విడిగా మెలితిరుగుతోందని ఆయన గుర్తించాడు. అడవి గోధుమలో ఇదే పని మరో తీరున జరుగుతుందని జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన రివ్కా ఎల్బాం, పీటర్ ఫ్రాట్స్‌ల్ బృందం 2007లో చూపింది. గింజకున్న రెండు మీసాలు పగటి పొడిగాలికి విచ్చుకుని, రాత్రి తేమకు దగ్గరవుతాయి. వాటి మీది సిలికా నూగు వెనక్కి జారనివ్వదు. అలా రోజూ కొద్దికొద్దిగా గింజ నేలలోకి దిగుతుంది. తెలంగాణ, రాయలసీమ మెట్టభూముల్లో పెరిగే హెటిరోపోగాన్ కంటార్టస్ అనే ఈటెగడ్డి కూడా ఈ కోవలోదే. దాని గింజలు గొర్రెల ఉన్నిలో చిక్కి చర్మంలోకి దిగుతాయి. కాపరులకు తెలిసిన ఆ బాధ వెనుక ఉన్నదీ ఈ మోటారే.

ఈ కదలిక కిటుకంతా కణం గోడలో ఉంది. ఆ గోడలో సెల్యులోజ్ పోగులు గట్టివి, నీరు తగిలినా పొడవు పెరగవు. వాటి మధ్య నిండిన మెత్తటి పదార్థం నీరు పీల్చి ఉబ్బుతుంది. అందుకే గోడ పోగుల వెంట సాగదు, వాటికి అడ్డంగా ఉబ్బుతుంది. వానాకాలంలో చెక్క తలుపు వెడల్పు పెరిగి బిగుసుకుంటుందే కానీ ఎత్తు పెరగదు, కారణం ఇదే. పోగులు మరమేకు చుట్లలా ఏటవాలుగా ఉంటే కణం మెలితిరుగుతుంది. ఒక పొరలో నిలువుగా, పక్క పొరలో మరో దిశలో ఉంటే ఇస్త్రీపెట్టెలోని రెండు లోహాల పట్టీలా వంగుతుంది, వేడికి బదులు తేమకు. అంటే ఎటు తిరగాలి, ఎంత తిరగాలి అనే ఆదేశం పోగుల అమరికలోనే ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజం. మీసం పండి ఎండేసరికి అందులో ప్రాణం ఉండదు. చచ్చిన గడ్డి ఉబ్బడాన్ని మొక్క కదలిక అనవచ్చా? అత్తిపత్తి ఆకు ముడుచుకోవడానికీ నీరే కారణం. అయితే అక్కడ బతికున్న కణాలు శక్తి ఖర్చుచేసి లవణ అయాన్లను కదిలిస్తే వాటి వెంట నీరు పోతుంది. గడ్డి మీసం అలాంటి ఖర్చేమీ పెట్టదు. నిజమే, కానీ పోగులను ఏ వాలున పేర్చాలో నిర్ణయించింది బతికున్న కణమే. అది తన పని ముందే చేసి పోయింది. ప్రాణం లేకపోయినా పనిచేయడం లోపం కాదు, యంత్రాన్ని యంత్రం చేసేది ఆ గుణమే. మరి ఖర్చు లేని శక్తి అంటే నిరంతర చలన యంత్రం లాంటి భ్రమ కాదా అంటే, అదీ కాదు. పగలూ రాత్రీ తేమను మార్చేది సూర్యుడి వేడి, ఇంధనం అక్కడి నుంచే వస్తోంది. గట్టిగా నిలిచే అభ్యంతరం ఒకటుంది, వేగం. నీరు లోపలికి ఇంకాలి కాబట్టి మందం రెట్టింపైతే పట్టే సమయం సుమారు నాలుగింతలవుతుంది. దీంతో కార్లు నడవవు. పలుచగా, తీరికగా చేసే పనులకే ఇది తగినది.

అలాంటి పనులు లేకపోలేదు. స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయ వాస్తుశిల్పి ఆఖిమ్ మెంగెస్ 2012లో పారిస్‌లోని పాంపిడూ కేంద్రం కోసం, తేమను బట్టి తమంతట తామే తెరుచుకుని మూసుకునే పలుచటి చెక్క రేకుల నిర్మాణం చేశాడు. దానికి కరెంటు అక్కర్లేదు. ఇంతకంటే ముఖ్యమైనది 2023లో ‘నేచర్’ పత్రికలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన లైనింగ్ యావో బృందం ప్రకటించిన విత్తనవాహకం. ఎరోడియం అనే మొక్క గింజ మెలిని చూసి, తెల్ల ఓక్ చెక్క పలకతో దాన్ని తయారు చేశారు. ప్రకృతిలో ఆ గింజకు మెలితిరిగే తోక ఒకటే. అది చదునైన నేల మీద నిలదొక్కుకోలేదు. వీళ్లు మూడు తోకలు పెట్టారు. రెండుసార్లు తడిసి ఆరేసరికి నూటికి ఎనభై నేలలోకి దిగాయి. మొక్క చేసినదాన్ని యథాతథంగా దించుకోకుండా మన అవసరానికి సరిదిద్దుకోవచ్చని ఇది రుజువు చేసింది.

మన రాష్ట్రాల్లోనూ కొండల మీద, బీడుల్లో విత్తన బంతులు చల్లుతున్నారు. నేల పైనే ఉండిపోయిన విత్తనం ఎండకు మాడవచ్చు, చీమల పాలు కావచ్చు, వానకు కొట్టుకుపోవచ్చు. దాన్ని మట్టిలోకి దింపగల మోటారు మన మెట్టభూముల ఈటెగడ్డిలోనే ఉంది. మన వ్యవసాయ, అటవీ పరిశోధకులు దాన్ని కలుపుగా మాత్రమే చూడటం మాని ప్రయోగశాలకు తీసుకెళ్లాలి.