చికెన్ కడగాలా, వద్దా?

యూకే వచ్చాక చికెన్ వండిన ప్రతిసారీ మా ఆవిడకీ నాకూ ఒకటే పేచీ: ఉప్పూ పసుపూ వేసి కడగాలా, వద్దా? ఇక్కడి ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ 2014లో కడగొద్దని గట్టిగానే చెప్పింది. ఎందుకో తెలియాలంటే కోడి పేగుల్లోకి వెళ్ళాలి.

గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ పిల్ల పేగుల్లో బాక్టీరియా దాదాపు ఉండదు. కొత్తగా ఫార్మాట్ చేసిన హార్డ్ డిస్క్ అన్నమాట. నాటుకోడి పిల్లకైతే తల్లి వెంట తిరుగుతూ నేల గీరితే అన్నీ అందుతాయి. ఇంక్యుబేటర్‌లో పుట్టిన బ్రాయిలర్‌కి తల్లి ఉండదు. మేతలో, నీళ్ళలో, షెడ్డులో పరిచిన పొట్టులో ఏముంటే అదే చేరుతుంది. ముందు ఈ.కోలై లాంటివి వచ్చి ఆక్సిజన్ వాడేస్తాయి. ఆక్సిజన్ పడనివి ఆ తరవాత స్థిరపడతాయి. పెద్దకోడి పేగుల్లోని బాక్టీరియాని పిల్లలకి ముందే పట్టిస్తే సాల్మొనెల్లాకి చోటు దొరకడం కష్టమని 1973లో ఫిన్లాండ్ శాస్త్రజ్ఞులు నూర్మి, రంటాలా చూపించారు.

కాంపైలోబాక్టర్ మాత్రం గడుసుది. సాధారణంగా రెండు మూడు వారాల వయసులో చేరి, కోడిని పెద్దగా ఇబ్బంది పెట్టదు. కోసేటప్పుడు పేగుల్లోంచి చర్మానికి అంటుకుని, మన కడుపులోకి చేరితే మంచం ఎక్కిస్తుంది. 2014-15 సర్వేలో ఇక్కడి దుకాణాల్లో అమ్మిన తాజా కోళ్ళలో 73 శాతంలో కనిపించింది. కుళాయి కింద కడిగితే తుంపర్లతో సింకు చుట్టూ పాకుతుంది. లోపలిదాకా ఉడికితేనే చస్తుంది.

మా పేచీ అలా తీరింది. ఉప్పూ పసుపూ ఇప్పుడు నేరుగా గిన్నెలోకే!